నీలం, ఎరుపు, పెన్సిల్

గురువారం పొద్దున్నే అత్తగారికీ మామగారికీ బాత్రూమ్ గుమ్మం దగ్గర గొడవ మొదలైంది. గొడవంతా నేల మీదున్న ఒక గాజు పలక గురించి. అది బరువు చూసుకునే మిషను. నిన్నటిదాకా అత్తగారికి అరవై మూడు అని మర్యాదగా చెప్పిన మిషను, ఇవాళ నూట ముప్ఫై తొమ్మిది అంది.

"నేను తినేదేమిటో మీరు చూస్తూనే ఉన్నారుగా. ఒక్క రోజులో రెండింతలు ఎలా అవుతాను?" అన్నారు అత్తగారు, పలక మీదే నిలబడి.

"నన్నడుగుతావేం? నేనేమైనా ఎత్తుకుని తూచానా?"

"నిన్న దాన్ని తుడిచింది మీరే."

"తుడిస్తే దుమ్ము పోతుంది. బరువు తగ్గాలి గాని పెరగదు."

"అంటే నేనే పెరిగానంటారు."

"నేననలేదు. మిషనంది."

అత్తగారు దిగారు, మళ్ళీ ఎక్కారు. ఈసారి ఊపిరి బిగబట్టి ఎక్కారు. మిషను కనికరించలేదు. కోడలు వంటింట్లోంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, అత్తగారి చెయ్యి పట్టి కిందకి దింపి, మోకాళ్ళ మీద కూర్చుని పలకని తిరగేసింది. అడుగున వేలిగోరంత మీట ఉంది. మామగారి తుడుపుగుడ్డ దాన్ని పక్కకి జరిపేసింది.

"మిషను అబద్ధం ఆడలేదత్తయ్యా. ఇది పౌండ్లలో చెబుతోంది. కిలోల్లో మీరు అదే అరవై మూడు."

"మరి ఆ మాట చెప్పి ఏడవొచ్చుగా."

"చెబుతూనే ఉంది. అంకె పక్కన చిన్న అక్షరాలు వెలుగుతాయి. కొన్ననాటి రేటు చీటీ సరిగ్గా వాటి మీదే అంటించి ఉంది. మనమెవరమూ పీకలేదు."

మామగారు గెలిచినట్టు మొహం పెట్టారు. అత్తగారు ఆ చీటీని గోటితో గీకి పీకి, తీసుకెళ్ళి ఆయన చొక్కా జేబుకి అంటించారు. కోడలికి నవ్వాగలేదు. నవ్వుకుంటూనే మెట్లు దిగి దుకాణంలోకి వెళ్ళింది.

ఇంటి కింద భాగమంతా కర్టెన్ల దుకాణం. ముందు గది కొనేవాళ్ళకి, వెనక గది కుట్టేవాళ్ళకి. వెనక గదిలో పన్నెండు మంది చుట్టూ కూర్చోగలిగేంత కత్తిరింపు బల్ల, గోడ పొడుగునా నిలబెట్టిన బట్ట చుట్టలు, తలుపు పక్కన దర్జీ మాస్టారి మిషను ఉంటాయి. ముందు గదిలో మామగారి బల్ల, దాని మీద అట్ట నలిగిన పొడుగాటి పుస్తకం. ముప్ఫై ఏళ్ళుగా ఆ దుకాణం కొలతలన్నీ అలాంటి పుస్తకాల్లోకే ఎక్కాయి. కిటికీ పక్కన, చక్కటి వెలుతురు పడే చోట ఇంకో కుర్చీ ఉంది. దాంట్లో మనుషులెవరూ కూర్చోరు. శాంపిల్ గుడ్డల కట్టలు కూర్చుంటాయి.

ఆ కుర్చీ మీద కోడలి కన్ను పడి ఏడాది దాటింది. కాలేజీలో ఆమె కంప్యూటర్లు చదివింది. చదివిందంతా అయిదేళ్ళుగా కూర తరిగేటప్పుడు నెమరు వేసుకోవడమే అయింది. చివరికి ఒకనాడు ధైర్యం చేసి, కొలతలన్నిటినీ ఒక డేటాబేస్‌లో పెడతానని మామగారిని అడిగింది. ఆయన వెంటనే కాదనలేదు, అవుననీ అనలేదు.

"నెల రోజులు నడిపి చూపించు. పుస్తకం పుస్తకమే, నీది నీదే, రెండూ పక్కపక్కన నడవాలి. నెలలో తప్పు రాకపోతే ఆ కుర్చీ ఖాళీ చేయిస్తాను, కొలతల పని నీది. వచ్చిందో, మనకి పుస్తకం చాలు," అన్నారు.

అప్పటినుంచీ ఆమె మెట్ల కింద, తల వంచితే తప్ప పట్టని మూలలో ఒక స్టూలు మీద కంప్యూటరు పెట్టుకుని కూర్చుంటోంది. కొలవడానికి ఎవరు వెళ్ళినా పుస్తకంలో రాస్తారు. పుస్తకంలోది ఆమె కంప్యూటరులోకి ఎక్కిస్తుంది. కంప్యూటరు చీటీ ముద్రిస్తుంది. ఆ చీటీ దర్జీ మాస్టారికి వెళ్తుంది. అంతకు ముందు మాస్టారు పుస్తకాన్నే ముందు పెట్టుకుని కుట్టేవాడు. ఇప్పుడు మామగారు కట్టడి చేశారు.

"పుస్తకం తెరవకు మాస్టారూ. చీటీలో ఏముంటే అదే కుట్టు. మధ్యలో నీ తెలివి కలిపావంటే తప్పెవరిదో నాకు తేలదు."

ఇరవై అయిదు రోజులు గడిచాయి. ఒక్క తప్పూ రాలేదు. ఇరవై ఆరో రోజు ఈ గురువారం.

కోడలు స్టూలు మీద ఇంకా సరిగా కూర్చోనే లేదు, ఫోను మోగింది. అవతల పళ్ళ డాక్టరు. ఆయన వెయిటింగ్ రూములో రెండు కిటికీలకి ముదురెరుపు కర్టెన్లు నిన్ననే రిక్షా బండి మీద వెళ్ళాయి.

"కర్టెన్లు అందాయమ్మా," అన్నాడు డాక్టరు.

"బాగున్నాయా సార్?"

"బాగానే ఉన్నట్టున్నాయి. ఎక్కడిదాకా ఉన్నాయో చూసి రమ్మని మా కాంపౌండర్ని పంపాను. ఇంకా తిరిగి రాలేదు."

కోడలికి అర్థం కాలేదు.

"నేనడిగింది రెండు కిటికీలకి. మీరు పంపింది మొత్తం వీధికి. ఇందాక ఒక పేషెంటు దాంట్లో చుట్టుకుపోయాడు. విప్పబోతే వద్దన్నాడు. లోపల వెచ్చగా ఉందట, పంటినొప్పి తెలియడం లేదట. ఇంకో ఇద్దరు కూడా లోపలికి చూస్తున్నారు. నా గతేం కావాలి?"

ఇప్పుడే కనుక్కుంటానని ఫోను పెట్టేసరికి గుమ్మంలో నాటకాల హాలు మేనేజరు నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, గొంతు హాలు చివరి వరసదాకా వినబడుతుంది. ఆ హాలు స్టేజీ తెర చిరిగిపోతే కొత్తది కుట్టమని పోయిన వారం అడిగి వెళ్ళాడు. ఎరుపు కావాలి, ఏ ఎరుపైనా సరే అన్నాడు. అది కూడా నిన్ననే పంపారు.

"తెర తెచ్చాను," అన్నాడు.

"తెచ్చారేమిటండీ? మేమే పంపాం కదా."

మేనేజరు భుజానికి వేళ్ళాడుతున్న సంచీలో చెయ్యి పెట్టి తెరని బయటికి తీశాడు. జేబురుమాలు తీసినంత సులువుగా వచ్చింది. రెండు చేతులతో మెడ దగ్గర పట్టుకుంటే నడుముదాకా దిగింది.

"శనివారం సాయంత్రం నాటకం. మొదటి అంకంలో తెర లేవగానే రాజుగారు సింహాసనం మీద ఉంటారు. లేవకముందు ఆయన ఎవరికీ కనబడకూడదు. ఈ తెర వెనక రాజుగారి మీసం దాక్కుంటుంది. మిగతా రాజుగారు ప్రజలకి దర్శనమిస్తూనే ఉంటారు."

చప్పుడు విని వెనక గదిలోంచి దర్జీ మాస్టారు వచ్చాడు, పైనుంచి భర్త వచ్చాడు, చొక్కా జేబుకి రేటు చీటీతో మామగారు వచ్చారు. ఆయన తెర వంక చూశారు, కోడలి వంక చూశారు.

"ఇరవై ఆరో రోజు," అన్నారు.

"మాస్టారూ, ఇంత తెర కుడుతున్నప్పుడు నీకేం అనిపించలేదా?" అన్నాడు భర్త.

"అనిపించింది బాబూ. బొమ్మలాటకేమో అనుకున్నాను."

"మరి డాక్టరుగారివి కుడుతున్నప్పుడు?"

"అప్పుడూ అనిపించింది. ఆ రంగు తానంతా అయిపోయింది, ఒక్క పీలిక మిగల్లేదు. కానీ నా తెలివి కలపొద్దన్నారుగా. కలపలేదు. రెండు రోజులు కష్టపడి కలపకుండా కూర్చున్నాను."

కోడలు గబగబా పుస్తకం తెరిచింది. డాక్టరుగారి కిటికీలు: వెడల్పు 150, పొడవు 210. కంప్యూటరు చీటీ: 150, 210. స్టేజీ తెర: వెడల్పు 41, పొడవు 22. చీటీలోనూ 41, 22. రెండుసార్లు వేలు పెట్టి చదివింది.

"అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి మామయ్యగారూ. ఒక్కటి కూడా తప్పు ఎక్కలేదు."

"సరిగ్గా ఉంటే ఇది ఇలా ఎందుకుంది?"

దర్జీ మాస్టారు ఆమె భుజం మీదుగా పుస్తకంలోకి తొంగి చూశాడు. నెల తరవాత పుస్తకం చూస్తున్నాడేమో, పాత చుట్టాన్ని చూసినట్టు అతని మొహం వికసించింది.

"ఇది ఎరుపు కదమ్మా," అన్నాడు.

"అవును, ఎర్రపెన్ను."

"ఎరుపంటే సెంటీమీటర్లు కదా. నేను అంగుళాలు కుట్టాను. చీటీ నల్లగా వచ్చింది. నలుపు సంగతి నాకెవరూ చెప్పలేదు. అందుకని నా టేపులో ఏముందో అది కుట్టాను."

కోడలు పుస్తకంలోంచి తలెత్తింది.

"ఎరుపంటే సెంటీమీటర్లని ఎవరు చెప్పారు మాస్టారూ?"

"ఎవరు చెప్పాలమ్మా, ఎప్పుడూ అంతేగా."

"నా టేపు సెంటీమీటర్ల టేపు. నేనెప్పుడూ ఎర్రపెన్నుతోనే రాస్తాను," అన్నాడు భర్త, ఇందులో వింతేముందన్నట్టు.

"నాది నీలం. అంగుళాలు," అన్నారు మామగారు.

కోడలు పుస్తకంలోకి చూసింది. నిజమే. పోయిన వారం దాకా కొలవడానికి వెళ్ళింది మామగారే. పేజీ వెనక పేజీ నీలం. పోయిన వారం ఆయనకి మోకాలు పట్టేసి మంచం దిగలేదు. ఆ వారమే ఎరుపు వచ్చింది. ఎరుపు కింద, స్టేజీ తెర దగ్గర, మెత్తటి పెన్సిలు గీతలు వచ్చాయి. పెన్ను అయిపోతే చేతికందిన ఇంకో పెన్ను తీసుకుంటారు కాబోలు అనుకుందామె. నల్లటి అక్షరాల్లో అంకెలన్నీ జాగ్రత్తగా ఎక్కించింది. రంగు మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది. పొద్దున బరువు మిషను మీది చీటీ గుర్తొచ్చింది. ఆ చీటీ అంటించింది ఎవరో గాని, ఇక్కడ అంటించింది తనే.

"మరి పెన్సిలు ఎవరిది?" అంది.

అందరూ కలిసి పైకి, మెట్ల వైపు చూశారు.

అత్తగారు దిగివచ్చి, తెరని ఎత్తి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మేనేజరు ఉన్నాడని కూడా చూడకుండా నవ్వారు.

"నువ్వు నవ్వకు. కొలిచింది నువ్వే," అన్నారు మామగారు.

"కొలిచాను, కాదన్నానా? ఆ రోజు టేపు వీడు డాక్టరు దగ్గరికి పట్టుకుపోయాడు. మీరు మంచం మీద ఉన్నారు. ఈయనొచ్చి త్వరగా రమ్మన్నాడు. వెళ్ళాను. పాత తెర స్టేజీ మీద పరిచి ఉంది. వంగి జానలు పెట్టాను. అడ్డంగా నలభై ఒక్క జానలు, నిలువుగా ఇరవై రెండు. నా నడుముకి ఇప్పటికీ ఆ లెక్క గుర్తుంది."

"జానలని రాయొచ్చుగా అత్తయ్యా."

"పెన్సిలుతో రాశాను కదే."

మామగారు పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు.

"ఏది ఎలా ఉన్నా తప్పు తప్పే. ముప్ఫై ఏళ్ళలో పుస్తకం ఇలాంటి తప్పు చేయలేదు," అన్నారు.

ఇంకొక్క క్షణం ఆగితే కుర్చీ చేజారిపోతుందని కోడలికి తెలుసు. మామగారికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"పుస్తకానికి మూడు రంగులున్నాయి మామయ్యగారూ. నా దానికి మీరు ఒక్క రంగూ ఇవ్వలేదు. ఇవ్వమని నేనూ అడగలేదు. అంతవరకూ నా తప్పే. దిద్దుకోవడానికి టైమివ్వండి."

ఆయన జేబుకున్న చీటీని గోకుతూ ఆలోచించారు.

"శనివారం ఈయన తెర లేవాలి. రాజుగారు కనబడకూడదు. అంతవరకూ చూస్తాను," అన్నారు. వెనక గది వైపు చూసి, "తాను మాత్రం లేదు. మిల్లులో ఏ ఎరుపైనా వచ్చే వారానికి గాని రాదు," అని కూడా అన్నారు.

బట్ట లేదు, రోజులు రెండు. కోడలు మెట్ల కింద దూరింది.

తప్పు ఎక్కడుందో కనుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. వెడల్పు అని ఒక కాలమ్, పొడవు అని ఒక కాలమ్ పెట్టుకుని, రెండిటి టైపూ, అంటే వాటిలో పట్టే సరుకు రకం, అంకె అని ఊరుకుంది. అంకె అన్నాక ఏ అంకె వేసినా నోరు తెరిచి మింగేస్తుంది. అంగుళాలు, సెంటీమీటర్లు, జానలు అన్నీ దానికి ఒకే రుచి. 150, 41 కంటే పెద్దదని తడుముకోకుండా చెబుతుంది. ఏ 150, ఏ 41 అని అడగదు. అడగమని ఎవరూ చెప్పలేదు.

భర్త మెట్ల కింద తల దూర్చాడు.

"దీనికింత ఆలోచనెందుకు? అన్నిటినీ సెంటీమీటర్లలోకి మార్చి పడేస్తే పోయె కదా."

"పడేస్తే మామయ్యగారు అరవై అని రాసినది నూట యాభై రెండు పాయింట్ నాలుగు అని కనబడుతుంది. ఆయన తన కొలతని తనే గుర్తుపట్టరు. ఇది నాది కాదు పొమ్మంటారు."

"అది నిజమే."

"ఎవరు ఎలా చెప్పారో అలాగే దాచాలి. పోల్చేటప్పుడు మాత్రం అన్నీ లోపల ఒకే భాషలోకి మారాలి."

అంకె ఒక్కటే కాకుండా, అంకె, దాని కొలమానం రెండూ జంటగా ఉండేలా ఆమె కొత్త టైపు ఒకటి తయారుచేసింది. దానికి కొలత అని పేరు పెట్టింది. జంటలో ఒకరు లేకుండా రెండోవాళ్ళు గడప దాటడానికి వీల్లేదు. ఉత్త 150 అని ఇస్తే వెనక్కి పంపేస్తుంది. పక్కన ఇంకో చిన్న పట్టిక పెట్టింది. ఏ కొలమానం ఎన్ని మిల్లీమీటర్లో అందులో ఉంటుంది. పొడవుకి పొడవే కలుస్తుంది. కర్టెన్ అంచులో వేసే సీసం గుళ్ళ బరువుని తీసుకొచ్చి పొడవుకి కలపబోతే ఒప్పుకోదు. పట్టికలో అంగుళం ఎదురుగా ఇరవై అయిదున్నరకి కాస్త తక్కువ, ఇరవై అయిదు పాయింట్ నాలుగు వేసింది. సెంటీమీటరు ఎదురుగా పది. జాన దగ్గర ఆగింది.

"అత్తయ్యా, ఒకసారి చెయ్యివ్వండి."

అత్తగారు వంటింట్లో బల్ల ముందు కూర్చుని చెయ్యి చాపారు. భర్త స్టీలు టేపు పట్టుకున్నాడు.

"ఉండు, ఉంగరం తియ్యనా?"

"ఉంగరానికీ జానకీ సంబంధం లేదమ్మా."

"మొన్న గోళ్ళు తీసుకున్నాను. తెర కొలిచినప్పుడు గోళ్ళున్నాయి."

కోడలు పెన్సిలు కింద పెట్టేసింది. "గోళ్ళతో కొలుస్తారా మీరు?"

"వేలి కొసతోనే కొలుస్తాను. ఉన్న విషయం చెప్పాను, అంతే."

మొదటిసారి పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లు వచ్చింది. రెండోసారీ అంతే. అత్తగారిని లేపి, నాలుగడుగులు నడిపించి, కళ్ళు మూయించి మూడోసారి పెట్టించారు. పద్దెనిమిదిన్నర. వెంట్రుకవాసి తేడా లేదు. గుమ్మంలోంచి చూస్తున్న మామగారు కళ్ళజోడు సరిచేసుకున్నారు.

"నా అంగుళాల బద్ద వానాకాలంలో ఉబ్బుతుంది. నువ్వు మాత్రం ఉబ్బవు," అన్నారు.

"పొద్దున మిషను దగ్గర ఆ మాట అనాల్సింది," అన్నారు అత్తగారు.

కోడలు పట్టికలో కొత్త వరస ఎక్కించింది: అత్తయ్య జాన, నూట ఎనభై అయిదు మిల్లీమీటర్లు. ఉత్త జాన అంటే కుదరదు మరి, తన జాన వేరు, మాస్టారి జాన వేరు.

"అయితే నేనిప్పుడు ఒక కొలతనా?" అన్నారు అత్తగారు, కంప్యూటరు తెర మీద తన వరసని చూసి.

"అక్షర క్రమంలో అంగుళం తరవాత మీరే."

"నా తరవాత ఎవరు?"

"సెంటీమీటరు."

అత్తగారు ఈ సంగతి ఫోను చేసి చెల్లెలికి చెప్పారు. తరవాత తిరిగొచ్చి మెల్లగా అడిగారు.

"అమ్మాయ్, బరువుకి కూడా నాది ఒకటి పెట్టకూడదూ? అరవై మూడు కిలోలు ఒక అత్తగారు. అప్పుడు మిషను ఎప్పుడు ఎక్కినా ఒకటే అంటుంది."

"తగ్గినా ఒకటే అంటుందత్తయ్యా."

"తగ్గేది ఉంటేగా."

నవ్వుతూనే కోడలు మళ్ళీ మెట్ల కిందకి వెళ్ళింది. నీలానికి అంగుళం, ఎరుపుకి సెంటీమీటరు, పెన్సిలుకి అత్తయ్య జాన జత చేస్తూ నెల రోజుల పుస్తకాన్నీ మళ్ళీ ఎక్కించింది. మాస్టారు కుట్టేసినవాటిని మాస్టారి అంగుళాల్లో వేరే రాసింది. ఈ వారం కుట్టినవన్నీ పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా చూపించమని అడిగింది. వరస వచ్చింది. స్టేజీ తెర అన్నిటికన్నా అడుగున, ఎవరిదో వంటింటి కిటికీ కింద, సిగ్గుపడుతున్నట్టు ఉంది. అన్నిటికన్నా పైన డాక్టరుగారివి రెండు. ఒక్కోటి వెడల్పు మూడు వందల ఎనభై ఒక్క సెంటీమీటర్లు, పొడవు అయిదు వందల ముప్ఫై మూడు.

స్టేజీకి అసలు కావాల్సిందెంతో అడిగింది. వెడల్పు ఏడు వందల యాభై ఎనిమిదిన్నర, పొడవు నాలుగు వందల ఏడు అంది కంప్యూటరు.

ఆమె కాసేపు ఆ అంకెలని చూస్తూ కూర్చుంది. తరవాత నోట్లోనే మూడు వందల ఎనభై ఒకటి, ఇంకో మూడు వందల ఎనభై ఒకటి కూడుకుంది. ఏడు వందల అరవై రెండు. అవసరమైనదానికన్నా మూడున్నర సెంటీమీటర్లు ఎక్కువ. సరిగ్గా అంచు మడతకి చాలేంత. పొడవులో అయితే మీటరుకి పైగా మిగులు.

అమాంతం లేచింది. మెట్టు నెత్తికి ఠంగున తగిలింది. ఆ చప్పుడుకి పరుగెత్తుకొచ్చిన భర్తకి, నెత్తి పట్టుకుని నేల మీద కూర్చుని పగలబడి నవ్వుతున్న భార్య కనబడింది.

"దెబ్బ గట్టిగా తగిలిందా?" అన్నాడు భయంగా.

"డాక్టరుగారి కర్టెన్లు," అంది ఆమె, నవ్వు మధ్యలో ఊపిరి తీసుకుంటూ. "రెండూ కలిపితే స్టేజీ తెర. మనం దాన్ని ఎప్పుడో కుట్టేశాం. పంపిన చోటే తప్పు."

భర్త మొదట వేళ్ళ మీద లెక్కపెట్టాడు, తరవాత కంప్యూటరులో చూశాడు, తరవాత అతనూ నేల మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం బండి డాక్టరుగారింటికి వెళ్ళింది. కర్టెన్లని మోయడానికి నలుగురు పట్టారు. లోపలున్న పేషెంటు బయటికి రావడానికి కొంచెం బతిమాలించుకున్నాడు. డాక్టరుతో కోడలే మాట్లాడింది.

"సార్, తెరకి పోగా మిగిలిన బట్టలో మీ కిటికీలకి రెండూ వస్తాయి. పొడవు చాలక ఒక్కోదానికి ఒక అతుకు పడుతుంది. మడతల్లో కనబడదు."

"అతుకులు నేను రోజూ వేస్తూనే ఉంటానమ్మా. నీ అతుకు ఊడితే నా దగ్గరికి రా, నా అతుకు ఊడితే నీ దగ్గరికి వస్తాను," అన్నాడు డాక్టరు.

శుక్రవారమంతా వెనక గదిలో మాస్టారి మిషను ఆగలేదు. ఈసారి చీటీలో అంకె పక్కనే కొలమానం కూడా పెద్ద అక్షరాల్లో ఉంది. దాని కింద మాస్టారి టేపు ప్రకారం ఎన్ని అంగుళాలో కూడా ఉంది. అతను చీటీని వెలుతురుకి పట్టుకుని చూశాడు.

"ఇప్పుడు దీనికి రంగొచ్చింది," అన్నాడు. "కోడలమ్మా, ఇప్పుడైనా నా తెలివి కొంచెం కలపొచ్చా?"

"తప్పకుండా కలపండి మాస్టారూ. వింతగా కనబడితే కత్తెర పట్టకముందే కేకెయ్యండి."

శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ రెండో వరసలో కూర్చున్నారు. టిక్కెట్లు ఇచ్చే కిటికీకి బుల్లి ఎర్ర తెర వేళ్ళాడుతోంది. దాని వెనకనుంచి మేనేజరు చెయ్యి ఒక్కటే బయటికి వచ్చి టిక్కెట్లు ఇస్తోంది. లోపల స్టేజీ మీద ముదురెరుపు తెర ఈ గోడనుంచి ఆ గోడదాకా, పైనుంచి నేలదాకా నిండుగా దిగి ఉంది. మధ్యలో రెండు భాగాలూ కలిసిన చోటు ఎంత వెతికినా దొరకలేదు. అత్తగారు కూర్చున్నచోటునుంచే గాలిలో జానలు పెట్టి చూసుకున్నారు. కోడలు ఒళ్ళో చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆమె చూపు తెర మీద లేదు, మామగారి మొహం మీద ఉంది.

గంట మోగింది. తెర లేచింది. సింహాసనం మీద రాజుగారు, మీసంతో సహా, అప్పుడే పుట్టినట్టు కనబడ్డారు. జనం చప్పట్లు కొట్టారు. రాజుగారికనుకున్నారు అందరూ. మామగారు మాత్రం తెర వైపు చూసి కొట్టారు. ఇంటికొచ్చాక కూడా కుర్చీ సంగతి ఎత్తలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మర్యాదకి పిలిస్తే దర్జీ మాస్టారు కూడా వచ్చాడు. రెండు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ ఒంటరి అంకె పలకడం లేదు, పలికినవాళ్ళని మిగతావాళ్ళు వదలడం లేదు.

"ఇంకో రెండు వెయ్యనా?" అన్నారు అత్తగారు కూర గిన్నె పట్టుకుని.

"రెండు ఏమిటమ్మా?" అన్నాడు కొడుకు.

"గరిటెలు."

"ఏ గరిటె? పెద్దదా, చిన్నదా?"

"నెత్తిన ఒకటిచ్చానంటే అప్పుడు తెలుస్తుంది ఏ గరిటెతో."

మాస్టారు నవ్వి పొలమారి, నీళ్ళు అడిగాడు. ఎన్ని గ్లాసులని అడిగింది కోడలు. ఆ నవ్వులు సద్దుమణిగేదాకా మామగారు ఆగారు. తరవాత ఎడమచేత్తో చొక్కా జేబులోంచి ఒక నీలం పెన్ను, ఒక ఎర్రపెన్ను, మొండి పెన్సిలు ఒకటి తీసి కోడలి కంచం పక్కన వరసగా పెట్టారు.

"పుస్తకం రాత్రే అటక మీద పెట్టేశాను," అన్నారు. "ఇవి నీ దగ్గర ఉంచు. ఈ ఇంట్లో ఎవరికి తెలిసినవి వాళ్ళు చెప్పకుండా దాచుకుంటారు, దాచుకుంటున్నామని వాళ్ళకే తెలియదు. అడిగి బయటికి లాగే మనిషి ఒకరుండాలి. మాస్టారూ, నువ్వూ విను. ఇకమీదట కొలతలన్నీ కోడలివి. కొలవడానికి నేను వెళ్ళినా సరే, ఆమె ఒప్పుకున్నాకే కత్తెర పడుతుంది."

కోడలు పెన్సిలు మీద చెయ్యి వేసింది. మూడింటినీ దగ్గరికి లాక్కుంది.

"కుర్చీ ఖాళీ చేయించాను. శాంపిల్ కట్టలు మెట్ల కిందకి వెళ్ళాయి, అక్కడ వాటికి నెత్తి తగలదు. రేపు తొమ్మిదికల్లా వచ్చి దాంట్లో కూర్చో," అన్నారు మామగారు.

బల్ల చుట్టూ ఒక్కసారి అందరి చేతులూ ఆగాయి.

"తొమ్మిది ఏమిటి?" అన్నారు అత్తగారు.

మామగారు ముద్ద మింగి, కోడలి వైపు చూసి, తప్పు ఒప్పుకున్నట్టు తల వంచారు.

"గంటలు," అన్నారు. "పొద్దుటివి."